ఒక ఓల్టు తరుగు

మా మేనమామకు పలాసలో జీడిపప్పు కార్ఖానా ఉంది. 80 కిలోల పిక్కల బస్తా 79 తూగితే కాటా దగ్గరే పంచాయితీ పెట్టే మనిషి ఆయన. అటువంటి మనిషికి ఎవరో కరెంటు కొలిచే మీటరును, దానికి తగిలించే సైరనును అమ్మారు. లెక్కలు రాసే నన్ను దాని ముందు కూర్చోబెట్టారు.

మీటరు అడిగినవి నాలుగే. ఓల్టేజి ఎంతకు పడితే మోగాలి? పడ్డాక ఎన్ని సెకన్లు చూడాలి? మళ్ళీ ఎంతకు ఎక్కితే ఆగాలి? ఎక్కాక ఎన్ని సెకన్లు చూడాలి? కార్ఖానాకు కరెంటు మూడు తీగల్లో వస్తుంది, వాటినే ఫేజులంటారు. ఫేజుకూ ఫేజుకూ మధ్య 415 ఓల్టులు ఉండాలని పుస్తకంలో చదివి వినిపించాను.

"అయితే 414కి మోగించు."

"ఒక్క ఓల్టే కదా మామయ్యా!"

"బస్తాలో తగ్గేదీ ఒక్క కిలోయే కదా అల్లుడూ!"

దొంగను చూశాక పది లెక్కపెట్టి అరుస్తామా అన్నారు కాబట్టి సెకన్లు రెండుచోట్లా సున్నా. ఆగే అంకె కూడా 414 దాటగానే.

లైనులో ఓల్టేజి గోడకు కొట్టిన మేకు కాదు, బిందెలో నీళ్ళలా తొణుకుతూనే ఉంటుంది. 416, 413, 415, 414. సైరను కుయ్యిమంటుంది, ఊరుకుంటుంది, మళ్ళీ కుయ్యిమంటుంది. పైగా పెద్ద మోటారు మొదలయ్యేటప్పుడు మామూలు కన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది, ఆ కాసిని సెకన్లూ ఓల్టేజి వంగుతుంది. మధ్యాహ్నానికల్లా పప్పు ఒలిచే ఆడవాళ్ళు ఆ కూతకు తాళం వేస్తున్నారు.

మర్నాడు తెల్లవారుజామున బాయిలరు ఫ్యాను వేశారు, సైరను కుయ్యిమంది. 2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఈ పక్కనే తీరం దాటింది కూడా తెల్లవారుజామునే. మా వీధికి ఆ వేళ సైరనంటే ఒకటే అర్థం. ఎదురింటి మామ్మ ఆవును విప్పి బడి వైపు తోలుకుపోయింది. కిరాణా కొట్టాయన రేకుల మీదికి ఇసుక బస్తాలు ఎక్కించాడు. ఆకాశంలో చుక్కలు మాత్రం కడిగిన ముత్యాల్లా ఉన్నాయి.

ఆరింటికి మామ్మ ఆవుతో సహా కార్ఖానా గుమ్మంలో నిలబడింది.

"ఏమైంది నాయనా?"

"ఒక ఓల్టు తగ్గింది మామ్మా."

ఆవిడ ఏమీ అనలేదు. ఆవు చూసిన చూపు మాత్రం నాకు ఇప్పటికీ గుర్తుంది.

కరెంటు మేస్త్రీ వచ్చాడు. 415లో పదోవంతు తీసేసి 373 పెట్టాడు. అంతకన్నా దిగి పది సెకన్లు అక్కడే ఉంటేనే మోగాలి, 385కి ఎక్కి ఐదు సెకన్లు నిలబడితేనే ఆగాలి. మోగే అంకె, ఆగే అంకె ఒకటే అయితే గడప మీద పిల్లి కథేనట, లోపలున్నట్టో బయటున్నట్టో తేలదు. ఫేజు పోతే మాత్రం రెండు సెకన్లకే మోగేలా విడిగా మరొకటి పెట్టాడు. "బస్తాకు ఎనిమిది కిలోల తరుగు!" అని మామయ్య పూటంతా గొణిగారు.

పదిహేను రోజులు సైరను కిక్కురుమనలేదు. ఆ తర్వాత ఒక అర్ధరాత్రి నిజంగానే ఒక ఫేజు పోయింది. రెండు సెకన్లు చూసి, పద్ధతిగా, ఆగకుండా మోగింది. డ్రయ్యరు ఫ్యాను మిగిలిన రెండు ఫేజుల మీద మూలుగుతోంది. వీధిలో ఒక్క దీపమూ వెలగలేదు. ఆవు కూడా లేవలేదు. కాపలావాడు ఒక్కడే కంగారుపడి మామయ్యకు ఫోను చేశాడు.

"ఒక ఓల్టు తగ్గి ఉంటుందిలే, పడుకో" అన్నారట.