గెలుపు కథకు డబ్బెవరిచ్చారు?

2022 సివిల్ సర్వీసుల పరీక్షకు దేశమంతటా 11 లక్షల మందికి పైగా దరఖాస్తు చేశారు. ప్రిలిమ్స్, మెయిన్స్, ఇంటర్వ్యూ దాటుకుని యూపీఎస్సీ తుది జాబితాలో నిలిచినవారు 933 మంది. ఫలితాలు వచ్చాక కోచింగ్ సంస్థలు ‘మా విద్యార్థులే’ అని చెప్పుకున్నవారిని కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ లెక్కగడితే ఆ సంఖ్య 3,500 దాటింది. అంటే ఒక్కో ర్యాంకరును దాదాపు నాలుగు సంస్థలు పంచుకున్నాయి.

ఇందులో మాయ పెద్దదేం కాదు. మెయిన్స్ గట్టెక్కిన అభ్యర్థి ఇంటర్వ్యూకు ముందు నాలుగైదు చోట్ల మాక్ ఇంటర్వ్యూలకు వెళ్తాడు. చాలాచోట్ల అది ఉచితం. ఎందుకు ఉచితమో ఫలితాల రోజు తెలుస్తుంది. వెళ్లిన ప్రతి చోటా అతని ఫొటో, వివరాలు ఉంటాయి. మర్నాటికి అవి ఫ్లెక్సీలెక్కుతాయి, ఆ పక్కనే లక్షన్నర, రెండు లక్షలు ఫీజుండే ఫౌండేషన్ కోర్సు పేరు ఉంటుంది. ఇతను ఆ కోర్సు చదవనేలేదన్న ముక్క మాత్రం ఎక్కడా కనిపించదు. ఆ పరీక్షలోనే మూడో ర్యాంకు సాధించిన తెలంగాణ అమ్మాయి ఉమాహారతి గెలిచింది ఐదో ప్రయత్నంలో. అంతకుముందు నాలుగుసార్లు ఓడిపోయి మళ్లీ పుస్తకం పట్టుకోవడంలోనే అసలు పాఠం ఉంది. హోర్డింగు మీద ర్యాంకుకు చోటుంటుంది గానీ ఆ నాలుగేళ్లకు ఉండదు.

కోచింగ్ రంగం కోసం ప్రాధికార సంస్థ 2024 నవంబరు 13న ప్రత్యేక మార్గదర్శకాలు తెచ్చింది. ఎంపికైన అభ్యర్థి పేరు, ఫొటో, అభిప్రాయం వాడుకోవాలంటే రాతపూర్వక అనుమతి ఉండాలి, అదీ ఫలితాలు వచ్చాక తీసుకున్నదై ఉండాలి. అడ్మిషన్ ఫారంలో చిన్నక్షరాల మధ్య సంతకం పెట్టించుకుంటే చెల్లదు. అతను ఏ కోర్సు చదివాడో, ఎన్నాళ్లు చదివాడో, డబ్బు కట్టాడో లేదో ప్రకటనలోనే చెప్పాలి. సీటు గ్యారంటీ, జాబ్ గ్యారంటీ అనకూడదు. బాగానే ఉంది. అప్పటికి ప్రాధికార సంస్థ 45 నోటీసులిచ్చి, 18 సంస్థలకు వేసిన జరిమానా అంతా కలిపి 54 లక్షల 60 వేలు. సగటున ఒక్కో సంస్థకు మూడు లక్షలు, అంటే ఇద్దరు విద్యార్థుల ఫీజు. ఈ మాత్రం జరిమానా సంస్థలకు ప్రచార ఖర్చులో ఒక పద్దుగా కలిసిపోతుంది.

ర్యాంకుల ప్రకటన తెలుగువాళ్లకు కొత్త కాదు. ఇంటర్ ఫలితాలైనా, ఎంసెట్ ఫలితాలైనా టీవీలో ‘ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు’ అంటూ ఊపిరి తిప్పుకోకుండా సాగే వల్లె రెండు తరాలకు కంఠతా వచ్చు. పత్రికల మొదటి పేజీలు నిండేదీ వాటితోనే. పైన చెప్పిన మార్గదర్శకాలు పత్రికలో అచ్చయిన ప్రకటనకూ అంతే వర్తిస్తాయి. అయితే టీవీలో వల్లె వినిపించినా, పేజీ నిండా ఫొటోలు కనిపించినా అది అమ్మకమని చదువురాని తల్లికి కూడా తెలిసేది. ఇప్పుడు ఆ మాట కళాశాల నుంచి రావడం లేదు. ‘నా అనుభవం చెబుతున్నా తమ్ముళ్లూ’ అంటూ సొంత అన్న మాట్లాడినట్లు చేతిలోని ఫోన్ నుంచి వస్తోంది. ‘లింక్ బయోలో ఉంది’ అన్న చివరి వాక్యం దాకా అది అభిప్రాయం లాగే ఉంటుంది.

ఈ మార్పు ఎంత దూరం పోయిందో బెట్టింగ్ యాప్‌ల వ్యవహారం చూపించింది. తెలంగాణ 2017లోనే తన జూద నిరోధక చట్టాన్ని సవరించి డబ్బు పందెం కాసే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది. ఆంధ్రప్రదేశ్ 2020లో అదే పని చేసింది. అయినా ఏళ్ల తరబడి తెలుగు రీల్స్‌లో ఆ యాప్‌ల ప్రచారం నడుస్తూనే ఉంది. ఆర్టీసీ ఎండీగా ఉన్నప్పుడు పోలీసు అధికారి సజ్జనార్ సామాజిక మాధ్యమాల్లో దీన్ని పట్టుకుని వెంటపడ్డారు. 2025 మార్చిలో పంజాగుట్ట, మియాపూర్ పోలీస్ స్టేషన్లలో ఇన్‌ఫ్లుయెన్సర్ల మీద, సినీ తారల మీద కేసులు నమోదయ్యాయి. ఎవరి తప్పు ఎంతో తేల్చాల్సింది న్యాయస్థానాలు. మాకు ముఖ్యమనిపించేది ఆ వీడియోల తీరు. ‘పందెం కాయండి’ అని సూటిగా చెప్పే వీడియోలు తక్కువ. కొత్త బండి, కొత్త ఇల్లు, చేతిలో నోట్ల కట్ట చూపిస్తూ ‘నేనూ మీలాగే ఏమీ లేనివాణ్ణి’ అని మొదలవుతాయి. అది జీవితంలో ఎదగడం గురించిన ప్రసంగం. డిగ్రీ పూర్తయి ఉద్యోగం దొరకని కుర్రాడికి అతికేది అందుకే.

చూసేవాడికి తట్టనిది ఒకటుంది. ఆ బండి పందెంలో గెలిచిన డబ్బుతో కొన్నది కాదు. పందెం గురించి చెప్పినందుకు యాప్ ఇచ్చిన డబ్బుతో కొన్నది.

షేర్ మార్కెట్ గురువుల దగ్గరికి పోయినా ఇదే కనిపిస్తుంది. మార్కెట్‌లో లక్షలు సంపాదించే కిటుకులు నేర్పిస్తానంటూ కోర్సులు అమ్మిన ఒక యూట్యూబర్‌పై మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ 2023 అక్టోబరులో ఉత్తర్వులిచ్చింది. వసూలు చేసిన 17 కోట్లకు పైగా సొమ్మును ప్రత్యేక ఖాతాలో జమచేయమంది. ఆ ఉత్తర్వుల్లోనే ఇంకో సంగతి బయటపడింది: 2021 జనవరి నుంచి 2023 జులై దాకా సొంత ట్రేడింగ్‌లో అతనికి మిగిలింది 2 కోట్ల 89 లక్షల నష్టం. విద్య చేతికి రాకపోయినా విద్య అమ్మకం మాత్రం లాభసాటిగా నడిచింది. 2021-22 నుంచి 2023-24 వరకు మూడేళ్లలో షేర్ల భావి ధరల మీద ఒప్పందాలు కుదుర్చుకునే ఫ్యూచర్స్ అండ్ ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తిగత మదుపరుల్లో 93 శాతం మంది నష్టపోయారని, ఆ నష్టం మొత్తం లక్షా 80 వేల కోట్లు దాటిందని సెబీయే లెక్క చెప్పింది. మిగిలిన ఏడుగురిలో ఒకరి స్క్రీన్‌షాట్ మన ఫోన్‌కు వస్తుంది. పోగొట్టుకున్న 93 మంది స్క్రీన్‌షాట్లు పెట్టరు కదా! మార్కెట్ పాఠాలు చెప్పేవారు గడచిన మూడు నెలల ధరలను వాడకూడదని 2025 జనవరిలో సెబీ పెట్టిన నియమం తెలివైనది. పాఠం పేరుతో చిట్కాలు అమ్మేవారికి సరుకే లేకుండా చేసే ఉపాయమది.

ఇంజినీరింగ్ కళాశాలలది ఇంకో రకం. ప్రవేశాల వేళ ఊరూరా ఫ్లెక్సీల మీద కనిపించేది అత్యధిక ప్యాకేజీ. ఒక్కరికి వచ్చినది. అందులోనూ జాయినింగ్ బోనస్, నాలుగేళ్ల తర్వాత చేతికందే షేర్లు కలిసి ఉండొచ్చు. జాతీయ ర్యాంకుల విధానమైన ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు మాత్రం ఇవే కళాశాలలు మధ్యస్థ వేతనం ఎంతో లెక్క ఇస్తాయి. ఉద్యోగాలొచ్చినవారిని జీతాల వరుసలో నిలబెడితే సరిగ్గా నడుమ ఉన్న విద్యార్థి జీతం అది. ఎన్‌ఐఆర్‌ఎఫ్‌కు ఇచ్చిన సమాచారం కళాశాల వెబ్‌సైటులోనూ ఉండాలి. ఫ్లెక్సీ మీద అత్యధిక ప్యాకేజీ ఏ సైజులో వేశారో, ఈ అంకె కూడా అదే సైజులో వేయాలని నిబంధన పెడితే సగం ఫ్లెక్సీలు వాటంతటవే దిగిపోతాయి.

అమెరికా సంగతి ఎత్తకపోతే తెలుగిళ్లలో కెరీర్ మాట పూర్తికాదు. 2023-24 విద్యాసంవత్సరంలో అక్కడ చదివిన భారతీయ విద్యార్థులు 3,31,602 మంది. అందులో మన పిల్లల వాటా ఎంత పెద్దదో హైదరాబాద్ విమానాశ్రయంలో ఆగస్టు రాత్రి నిలబడి చూసినవారికి చెప్పక్కర్లేదు. డాలస్ నుంచో న్యూజెర్సీ నుంచో కారు, ఇల్లు, వీకెండ్ ట్రిప్పు చూపించే తెలుగు వ్లాగులు వేలల్లో ఉన్నాయి. చాలామంది నిజాయతీగానే తమ జీవితం పంచుకుంటున్నారు. ‘ఫలానా కన్సల్టెన్సీ వల్లే నాకు అడ్మిషన్ వచ్చింది’ అన్న మాట దగ్గర మాత్రం ఆగి చూసుకోవాలి. ఇంటి మీద తీసుకున్న విద్యా రుణం, చదువయ్యాక కొంతకాలం పనిచేయనిచ్చే ఓపీటీ గడువు, ఉద్యోగ వీసా హెచ్-1బీ లాటరీలో పేరు రాని ఏడాది ఆ ఆరు నిమిషాల్లో ఇమడవు. కన్సల్టెన్సీ డబ్బిచ్చి ఉంటే అవి ఇమడకపోవడం యాదృచ్ఛికం కాదు.

ప్రకటన చేసుకోవడం పాపమని మేము అనడం లేదు. వెయ్యి మంది సబ్‌స్క్రైబర్లు, ఏడాదిలో నాలుగు వేల గంటల వీక్షణం దాటితే యూట్యూబ్ తన ప్రకటనల ఆదాయంలో 55 శాతం ఇస్తుంది. పల్లెలో కూర్చుని వంటలు, వ్యవసాయం, యాసలో హాస్యం పంచుతూ దానిమీదే ఇల్లు నడుపుకుంటున్నవారిని చూస్తే ముచ్చటేస్తుంది. బియ్యం బస్తా కంపెనీ వాళ్లకు డబ్బిస్తే తీసుకోనివ్వండి. బియ్యం బాగోకపోతే వచ్చే నెల వేరే బస్తా కొనుక్కుంటాం. చదువు, ఉద్యోగం, వలస విషయంలో ఆ వెసులుబాటు లేదు. తప్పుడు సలహా ఖరీదు కొందరికి రెండేళ్లు, కొందరికి రెండెకరాలు. అందుకే ఈ రంగంలో చెప్పేవాడి జేబు గురించి అడిగే హక్కు వినేవాడికి ఎక్కువ ఉండాలి.

అడిగే హక్కు చట్టంలో ఉంది కూడా. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం తప్పుదోవ పట్టించే ప్రకటనకు తొలిసారి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా వేయనిస్తుంది. దాన్ని సిఫార్సు చేసినవారికీ అదే జరిమానా. పైగా ఏడాది, మళ్లీ చేస్తే మూడేళ్ల వరకు ఏ ప్రకటనా చేయకుండా నిషేధించవచ్చు. డబ్బు, ఉచిత వస్తువు, హోటల్ బస, బంధుత్వం, ఉద్యోగ సంబంధం - ఏదున్నా చెప్పి తీరాలని 2023 జనవరిలో ఇన్‌ఫ్లుయెన్సర్ల కోసం విడుదలైన నియమావళి అంటోంది. వీడియో అయితే కనిపించేలా రాయాలి, వినిపించేలా చెప్పాలి. హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచకూడదు. డబ్బు పందేల ఆటల విషయంలో 2025 ఆగస్టులో పార్లమెంటు చేసిన చట్టం మరింత కఠినం. వాటికి ప్రచారం చేస్తే రెండేళ్ల దాకా జైలు, 50 లక్షల దాకా జరిమానా.

ఇక్కడే తెలుగు ప్రేక్షకుడికి అన్యాయం జరుగుతోందని మా అభ్యంతరం. పది నిమిషాలు గోదావరి యాసలోనో కరీంనగర్ యాసలోనో మాట్లాడిన మనిషి డబ్బు తీసుకున్న సంగతి దగ్గరికొచ్చేసరికి మూలన రెండు ఇంగ్లిష్ పదాలు మూడు సెకన్లు మెరిపించి ఊరుకుంటాడు. కోర్సు ఫీజు ఎంతో, ఏ నంబరుకు ఫోన్ చేయాలో మాత్రం శుభ్రమైన తెలుగులో, రెండుసార్లు. ప్రకటనలోని షరతులు, గమనికలు ఏ భాషలో గొప్పలు చెప్పారో ఆ భాషలోనే ఉండాలని 2022 జూన్ మార్గదర్శకాల్లో స్పష్టంగా ఉంది. ‘ఈ మాట చెప్పినందుకు నాకు ఫలానా సంస్థ డబ్బిచ్చింది’ అని తెలుగులో అనడానికి ఐదు సెకన్లు చాలు. అది చెప్పాక కూడా అతని మాట నమ్మేవారు నమ్ముతారు.

మరి ఎవరు అమలు చేయాలి? ఢిల్లీలోని ఒక్క కార్యాలయం తెలుగు రీల్స్ అన్నీ వింటూ కూర్చోలేదు. వినాల్సిన పనీ లేదు. వినియోగదారుల చట్టంలోని 16వ సెక్షన్ తప్పుడు ప్రకటనలపై విచారణ జరిపి ప్రాధికార సంస్థకు నివేదిక పంపే అధికారాన్ని జిల్లా కలెక్టరుకే ఇచ్చింది. 17వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదు రాసి ఇవ్వవచ్చు, ఆన్‌లైన్‌లోనూ పంపవచ్చు. భూమి తగాదాలు, పింఛన్ల అర్జీలతో కిటకిటలాడే సోమవారం ప్రజావాణికి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదికకు ఈ ఫిర్యాదు కూడా తీసుకెళ్లవచ్చని ఎంతమంది తల్లిదండ్రులకు తెలుసు? వినియోగదారుల ఫిర్యాదుల కోసం ఉన్న 1915 హెల్ప్‌లైన్ సంగతీ అంతే.

రెండు రాష్ట్ర ప్రభుత్వాలను మేము కోరేది ఒక్కటే. ప్రవేశాల కాలానికి ముందే, అంటే ఏప్రిల్‌లోనే, ప్రతి కలెక్టరేట్‌లో ఈ పని చూసే అధికారి ఎవరో ప్రకటించండి. కోచింగ్ కేంద్రాలు కిక్కిరిసిన అమీర్‌పేట ఉన్న హైదరాబాద్, కార్పొరేట్ కళాశాలలకు పుట్టిల్లయిన కృష్ణా, గుంటూరు ప్రాంతాలతో మొదలుపెట్టండి. వచ్చిన ఫిర్యాదులెన్ని, ఢిల్లీకి పంపిన నివేదికలెన్ని, ఏ సంస్థ మీద పంపారు అన్నది జూన్ ముగిసేలోగా తెలుగులో బయటపెట్టండి. ఆ జాబితాను ఉచితంగా అచ్చువేయడానికి పత్రికలు సిద్ధంగా ఉండాలి.