పెద్దమ్మ చూపు ఉండగా డీఎన్‌ఏ దేనికి?

అనంతపురంలో కవలలు పుడితే వాళ్ళు ఐడెంటికలా, ఫ్రాటర్నలా అని తేల్చడానికి ల్యాబుతో పనిలేదు. నామకరణం చాలు. ఉయ్యాల మీదికి పెద్దమ్మ వంగి, కళ్ళద్దాలు నొసటి మీదికి తోసి, "అచ్చు గుద్దినట్టుండారు కదమ్మా!" అందంటే కేసు కొట్టేసినట్టే. అప్పీలుకు పోవాలంటే అవతలి పక్షానికి కూడా ఒక పెద్దమ్మ ఉండాలి. సాధారణంగా ఉంటుంది.

ఇంత పకడ్బందీ వ్యవస్థను కించపరిచేవాళ్ళు ఈ మధ్య ఎక్కువయ్యారు. వాళ్ళ వాదన చూడండి. ఒకే అండం, ఒకే వీర్యకణంతో కలిసి, తర్వాత రెండుగా చీలితే ఐడెంటికల్ అట. ఒకే నెలలో రెండు అండాలు విడుదలై, దేనికది వేరే వీర్యకణంతో కలిస్తే ఫ్రాటర్నల్ అట. ఈ రెండో రకం వాళ్ళు ఒకే కాన్పులో వచ్చిన మామూలు తోబుట్టువులేననీ, జన్యువుల్లో సగటున సగమే పంచుకుంటారనీ, ముఖాలు ఎంత కలిసినా లెక్కలోకి రాదనీ అంటారు. ముక్కు ఊసు లేదు, చెవి ఊసు లేదు, నవ్వితే పడే సొట్ట ఊసు లేదు. పెద్దమ్మను తప్పించడానికి పన్నిన పన్నాగం కాకపోతే ఇదేంది?

మన జిల్లాకైతే అదనంగా ఇంకో అవమానం. ఒకేలా ఉన్న కవలల్ని "చెనిక్కాయలో పప్పుల మాదిరుండారు" అని మెచ్చుకుంటాం కదా. వ్యవసాయ డిగ్రీ చేసిన కుర్రాడొకడు పచ్చికాయ ఒకటి నా ముందే చిట్లించి, రెండు పప్పులూ అరచేతిలో పెట్టి, "సార్, ఇవి వేర్వేరు అండాల నుంచి, వేర్వేరు పుప్పొడి రేణువులతో వచ్చినాయి. పొట్టు ఒకటే గానీ, ఇవి ఫ్రాటర్నల్" అన్నాడు. ఎర్రనేలలో వాన కోసం మొగులు చూసి చూసి తరతరాలుగా మనం పండించింది ఫ్రాటర్నల్ కవలలనన్నమాట. కదిరి-6 రకం వేసినా అంతే. ఆ కుర్రాడికి ఇంకా ఉద్యోగం రాలేదు. రాదు కూడా.

డాక్టర్లు మాత్రం తక్కువ తిన్నారా? ముఖాలు బయటపడకముందే తీర్పు మొదలుపెడతారు. పదకొండు నుంచి పద్నాలుగు వారాల మధ్య స్కానింగులో, ఇద్దరు బిడ్డల మధ్య పొర మాయను (ప్లాసెంటాను) ఎట్లా తాకుతోందో చూస్తారు. తాకేచోట ముక్కోణంలా మాయ పైకి చొచ్చుకొస్తే దానికి లాంబ్డా అని గ్రీకు పేరు, మాయలు రెండు. పలచని పొర 'టి' అక్షరంలా నిటారుగా దిగితే మాయ ఒకటే. మాయ ఒకటే అయితే ఐడెంటికల్ అన్నది దాదాపు ఖాయం. ఒకరి రక్తం ఇంకొకరికి మళ్ళే ప్రమాదం ఉంది కాబట్టి, అలాంటి తల్లికి పదహారో వారం నుంచి రెండు వారాలకోసారి స్కాన్ చేస్తారు. డాక్టరమ్మ ఆత్రమంతా ఈ మాయ గురించే. పోలికల తగువు ఆమెకు పట్టదు.

మాయలు రెండుంటే ఫ్రాటర్నలేనా? అదే ఊరంతా నమ్ముతుంది. కానీ ఐడెంటికల్ కవలల్లో సుమారు మూడోవంతు మందికి కూడా మాయలు రెండే ఉంటాయి. అండం మొదటి మూడు రోజుల్లోపే చీలిపోతే ఎవరి మాయ వాళ్ళకు ఏర్పడుతుంది. మళ్ళీ, పక్కపక్కనే పెరిగిన రెండు మాయలు అతుక్కుపోయి కాన్పులో ఒకటిగా కనబడడమూ ఉంది. ఇంత గందరగోళాన్ని రిపోర్టులో 'డీసీడీఏ ట్విన్స్' అని రెండు ముక్కల్లో రాసిస్తారు. అంటే రెండు మాయలు, రెండు ఉమ్మనీటి సంచులు. అది చదివిన తాత, "ఆహుడా అంటే తెలుసు గానీ, ఈ డీసీడీఏ ఎప్పుడు పెట్టిర్రప్పా? లేఅవుట్లకు పర్మిషనిచ్చేది ఇంగ వీళ్ళేనా?" అంటాడు. ఆహుడా అంటే మా పట్టణాభివృద్ధి సంస్థ కదా, సందేహం సబబైనదే.

ఒకరు ఆడ, ఒకరు మగ అయితే ఏ పరీక్షా అక్కర్లేదు, ఫ్రాటర్నలే. ఆ సులువైన ఆధారాన్ని కాన్పు దాకా బయటపెట్టకూడదని 1994లోనే చట్టం వచ్చింది. స్కానింగ్ సెంటర్ గోడ మీద బోర్డు ఉంటుంది. కాన్పయ్యాక మాత్రం ఒరిగిందేముంది? గౌనులో ఒకరినీ నిక్కరులో ఒకరినీ ఎత్తుకుని సప్తగిరి సర్కిల్ దగ్గర ఆటో కోసం నిలబడిన తల్లిని, "ఇద్దరూ ఒకటే మాదిరుండారే, ఎట్ల గుర్తుపడతావమ్మా?" అని అడిగేవాళ్ళు అడుగుతూనే ఉంటారు.

రక్తం గ్రూపు వేరైతే ఫ్రాటర్నల్ అని తేలిపోతుంది. ఒకటే అయితే ఏమీ తేలదు. మా వీధిలో సగం మందిది ఓ పాజిటివే, మేమందరమూ కవలలమా? రేషన్ డీలరు మిషన్ మీద వేలు పెట్టించినా లాభం లేదు. ఐడెంటికల్ వాళ్ళవి కూడా వేలిముద్రలు ఒకటి కావు.

అసలు ఈ తగువు శాస్త్రానిది కాదు, పరపతిది. కవలలు ఎవరి వైపు నుంచి వచ్చారు? ఫ్రాటర్నల్ అయితే తల్లి వైపు వంశానికి కొంత పేరు దక్కుతుంది. రెండు అండాలు విడుదలయ్యే గుణం ఆడవాళ్ళ ద్వారానే పని చేస్తుంది. తండ్రి వైపు ఎంతమంది కవలలున్నా ఈ కాన్పుకు సంబంధం లేదు. ఐడెంటికల్ అయితే వంశపారంపర్యం దాదాపు లేనే లేదు, ప్రపంచంలో ఎక్కడైనా వెయ్యి కాన్పుల్లో మూడో నాలుగో వాటంతటవే వస్తాయి. కాబట్టి నాయన వైపు జేజి ఐడెంటికల్ పక్షం వహించడంలో లోతైన రాజనీతి ఉంది: తమకు రాని పేరు వియ్యపురాలికీ రాకూడదు. అమ్మ వైపు అవ్వ పోలికల్లో తేడాలు వెతకడమూ అందుకే. మూడో హక్కుదారు పిల్లల తల్లి ఎప్పుడో తిన్న జంట అరటిపండు. తల్లి వయసు ముప్పై అయిదు దాటినా, పిల్లల కోసం మందులు వాడినా కవలలు ఎక్కువని డాక్టర్లంటారు గానీ, ఆ సంగతి పందిట్లో ఎత్తిన మగాడు లేడు.

ఇలాంటి ఒక పందిట్లోనే చదువుకున్న తండ్రి, "ఇంత రచ్చెందుకమ్మా, డీఎన్‌ఏ టెస్టు చేపిస్తే పోతాది" అన్నాడు. వడ్డించే గరిటె గాల్లో ఆగింది. మామ లేచాడు. "ఏమల్లుడూ, ఏందనుకుంటాండావు? మా పిల్ల మీద అనుమానమా?" "అది కాదు మామా, ఊరికే పిల్లోళ్ళ బుగ్గ లోపల దూదిపుల్లతో రుద్ది..." "బుగ్గా లేదు, దూదీ లేదు. పెద్దమనుషుల్ని పిలిపిస్తా." ఫ్రాటర్నల్ కవలలకు వేర్వేరు తండ్రులుండడం అత్యంత అరుదుగానైనా వైద్యంలో నమోదైందని అప్పుడు నా నాలుక చివరిదాకా వచ్చింది. మింగేశాను.

దూదిపుల్ల లేని రోజుల్లో ఇంకా కష్టపడ్డారు. 1954లో అమెరికాలోని బోస్టన్‌లో ఒక కవలవాడి మూత్రపిండం రెండోవాడికి పెట్టేముందు, వాళ్ళు ఐడెంటికలా కాదా తేలాలి కదా. ఒకరి చర్మం ముక్క ఇంకొకరికి అతికించి, నిలుస్తుందా ఊడుతుందా అని చూశారు. నిలిచింది, ఆపరేషన్ గెలిచింది, అది చేసిన డాక్టరు జోసెఫ్ ముర్రేకు 1990లో నోబెల్ వచ్చింది. అదే పెద్దమ్మయితే చర్మం జోలికి పోకుండా చెప్పేది. ఆమెకు మాత్రం కొబ్బరికాయ, రవిక గుడ్డ.

నామకరణానికి పిలుపొస్తే ఎట్లా మెలగాలో చెబుతాను. జేజి పక్కన కూర్చుంటే "ఇద్దరూ ఒకటే అచ్చు" అనండి. అవ్వ దగ్గరికి పోయి "చిన్నోడి ముక్కు వేరబ్బా" అనండి. ఈ రెండు మాటల మధ్య భోజనం ముగించుకోవాలి. ముఖ్యంగా ఓళిగలు రెండోసారి వచ్చేదాకా అవ్వ వైపు చూడొద్దు.