ట్యాంకులో ఏముందో ఊరికి చెప్పండి

థర్మోకోల్ పలక, ఫ్రిజ్ లోపలి తొడుగు, కారు టైరు రబ్బరు... స్టైరీన్ చేరని ఇల్లు లేదు. ఎనిమిది కార్బన్, ఎనిమిది హైడ్రోజన్ పరమాణువుల ఈ ద్రవాన్ని 1839లో చెట్టు బంక నుంచి తొలిసారి విడదీశారు. నేడది ట్యాంకుల కొద్దీ నిల్వ ఉండే పారిశ్రామిక సరకు.

దాని ఉపయోగానికీ ప్రమాదానికీ మూలం ఒకటే గుణం. స్టైరీన్ అణువులు ఒకదానికొకటి అతుక్కుని గొలుసు కడతాయి. అప్పుడు వేడి పుడుతుంది. ఆ వేడికి గొలుసు కట్టే వేగం ఇంకా పెరుగుతుంది. యంత్రంలో అదుపుగా జరిగితే పాలిస్టైరీన్ అనే ప్లాస్టిక్ తయారవుతుంది. నిల్వ ట్యాంకులో దానంతటదే మొదలైతే ఆపడం కష్టం. అందుకే చల్లగా ఉంచాలి, టీబీసీ అనే నిరోధకం కలపాలి. ఆ నిరోధకం పనిచేయడానికి ద్రవంలో కొంత ఆక్సిజన్ కరిగి ఉండాలి.

2020 మే 7 తెల్లవారుజామున విశాఖ శివారు ఆర్.ఆర్. వెంకటాపురంలో ఇవేవీ నిలవలేదు. లాక్‌డౌన్‌తో మూతపడ్డ ఎల్జీ పాలిమర్స్ కర్మాగారంలో ఉష్ణమాపకం ట్యాంకు అడుగునే ఉంది. పైభాగం కాగిపోతున్నా కింది అంకె అంతా బాగుందనే చెప్పింది. రాత్రిళ్లు శీతలీకరణ ఆపేసేవారు. చివరికి ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి ఊరి మీదికి ఎగజిమ్మింది. పన్నెండు మంది చనిపోయారు, వందల మంది ఆస్పత్రుల పాలయ్యారు. ప్లాంటులో సైరన్ మీటలు ముప్పైకి పైగా ఉన్నా ఒక్కటీ నొక్కలేదని ప్రభుత్వం వేసిన ఉన్నత స్థాయి కమిటీ తేల్చింది.

మమ్మల్ని ఇప్పటికీ కలచివేసేది ఆ చివరి మాటే. స్టైరీన్ ఆవిరి గాలికన్నా మూడు రెట్లకు పైగా బరువు, నేలను అంటుకునే పాకుతుంది. గాలివాలున కాకుండా దానికి అడ్డంగా పరుగెత్తాలన్న ఒక్క సంగతి తెలిసి ఉంటే, నిద్రలోంచి లేచిన మనిషికి ఎటు పోవాలో తోచేది. ఆ తల్లులు, పిల్లలు ఏ దిక్కున పడితే ఆ దిక్కున పరుగెత్తి రోడ్డు మీదే కూలిపోయారు.

ప్రమాదం జరిగితే ఏం చేయాలో చుట్టుపక్కల వారికి ముందే చెప్పాలని 1989 నాటి ప్రమాదకర రసాయనాల నిబంధనలే ఆదేశిస్తున్నాయి. ఫైళ్లలో దాచుకోవడానికి కాదు అవి. ప్రతి రసాయన కర్మాగారం గేటు వద్దా, ఊరి సచివాలయంలో, బడిలో తెలుగులో బోర్డు పెట్టాలి: లోపల ఏ రసాయనం ఉంది, ఏ వాసన వస్తుంది, సైరన్ మోగితే ఎటు వెళ్లాలి. మాక్ డ్రిల్ ఒక్కసారైనా రాత్రి మూడింటికి జరపాలి. దీన్ని అమలు చేయించే బాధ్యతను జిల్లా కలెక్టర్ స్వయంగా తీసుకోవాలి.