పులిని బోర్లించకండి

పాతకాలపు కంచు జంతువును కొనబోయేవారు పాటించాల్సిన మొదటి మర్యాద: పులిని బోర్లించి చూడరాదు. పీఠం మీద ఫ్రెంచి శిల్పి ‘బారీ’ సంతకం ఉందా? ఉంది. ఇంకేం కావాలి, డబ్బు లెక్కపెట్టండి.

సంతకాన్ని మించిన సాక్ష్యం ఏముంటుంది? అది మూల నమూనాలోనే ఉంటుంది కాబట్టి అచ్చు తీసిన ప్రతివాడికీ ఉచితంగా వచ్చేస్తుంది. ఆంట్వాన్ లూయీ బారీ 1875లో పోయాక, ఆయన నమూనాలు కొనుక్కున్న బార్బెడియెన్ సంస్థ పోతలు పోస్తూనే వచ్చింది. అది న్యాయమైన పనే, చక్కటి పని కూడా. ఆ పోత మీంచి ఒకడు, వాడి బొమ్మ మీంచి ఇంకొకడు తీసినవీ ‘బారీ’లే! కాకపోతే కంచు చల్లారేటప్పుడు నూటికి ఒకటిన్నర, రెండు వంతులు కుంచించుకుపోతుంది. 30 సెంటీమీటర్ల పులి ఒక్కో తరానికి అర సెంటీమీటరు చిక్కిపోతుంది. బొచ్చు గీతలు మొద్దుబారి, గోళ్లు గుండ్రబడతాయి. టేపు పెట్టి మ్యూజియం కొలతలతో పోల్చేవాళ్లుంటారు, వాళ్లను ఇంటికి పిలవకండి.

అయస్కాంతం పరీక్ష మాత్రం తప్పక చేయండి. అంటుకోకపోతే ఇనుము కాదని తేలుతుంది. జింకు ఎక్కువగా ఉండే స్పెల్టరు అనే మిశ్రలోహానికీ అది అంటుకోదు, ఆ గొడవ మనకెందుకు? పీఠం లోపలి అంచును గీస్తే కంచు పసుప్పచ్చగా మెరుస్తుంది, స్పెల్టరు బూడిదరంగు తెలుపులో బయటపడుతుంది. కానీ దానికి బోర్లించాలి కదా! బోర్లిస్తే ప్లస్ గుర్తు స్క్రూ కూడా కనబడొచ్చు. ఆ స్క్రూలు బజారుకొచ్చింది 1930లలో. ‘తర్వాత రిపేరు చేయించారండీ’ అంటాడు అమ్మేవాడు. ఒక్కోసారి అది నిజం కూడా.

ఇక బారీ సంగతంటారా, కోసిన కళేబరాలను కొలిచి మరీ కండరం ఎముకకు ఎక్కడ అతుక్కుంటుందో నేర్చుకున్న మనిషి. 1831 పారిస్ సలోన్ కళాప్రదర్శనలో ఆయన పులి నమిలింది మన గంగలో ఉండే ఘరియల్ మొసలినే. ఇంత శ్రద్ధకు ఫలితం: 1848లో దివాలా. ఆయనకూ పియెర్ జూల్ మేన్ వంటి తోటి శిల్పులకూ ‘అనిమలియే’ అనే బిరుదు కూడా దక్కింది. పశువుల బొమ్మలవాళ్లు అని వెక్కిరింపన్నమాట.

ఖర్మకాలి అసలుదే దొరికితే కంగారు పడకండి. వేడి, రసాయనాలు పెట్టి ఎక్కించిన ఆ ముదురు రంగు పటీనాను చింతపండు, ఉప్పు వేసి మరచెంబులా తోమేయండి. ఉప్పు సందుల్లో దాక్కుని, తేమ తగిలినప్పుడల్లా లేత పచ్చ చిలుమును పొడిపొడిగా రాలుస్తుంది. అప్పుడు చుట్టాలకు చూపించండి, ఎంత పాతదో.