కొళాయి కారేటప్పుడు గృహస్థు పాటించవలసిన మర్యాదలు

ఇల్లు కట్టించుకోవడం తేలిక. బ్యాంకువాళ్లు అప్పిస్తారు, వాస్తు చెప్పేవాళ్లు పిలవకపోయినా వస్తారు, గృహప్రవేశానికి చుట్టాలు దిగుతారు. కట్టిన ఇంట్లో కొళాయికి వాషరు మార్పించడమే కష్టం. కందుకూరు 2022 ఏప్రిల్‌లో ప్రకాశం జిల్లాలోంచి లేచొచ్చి నెల్లూరు జిల్లాలో చేరింది. అంత ఊరిని ఒక్క జీవోతో కదిలించారు గానీ ఆ ఊళ్లో కారే కొళాయిని కట్టించే జీవో ఇంతవరకు రాలేదు.

దీనికి కారణం పనివాళ్లేనని నెల్లూరు మాగుంట లేఅవుట్ నుంచి ఒంగోలు దాకా గృహస్థులందరిదీ ఒకటే మాట. ఆ మాటకి భంగం రాకుండా కాపాడటమే ఈ వ్యాసం ఉద్దేశం. మనం ఎంతో కాలంగా నిలబెట్టుకొస్తున్న మర్యాదలు కొన్ని ఉన్నాయి. వాటిని సడలిస్తే పనివాడు చెప్పిన పూటకే వచ్చి, సరైన సామాను తెచ్చి, అరగంటలో ముగించి, న్యాయమైన డబ్బు తీసుకుని వెళ్లిపోయే ప్రమాదం ఉంది.

అన్నిటికన్నా ముందు, ఫోన్లో వివరం చెప్పకూడదు. “కొళాయి కారతాందన్నా, బిన్నా రా” అని పెట్టెయ్యాలి. ఎక్కడ కారుతోందో చెప్పామా, గుట్టు బయటపడినట్టే. ఎందుకంటే కట్టేసినా మూతిలోంచి చుక్కలు పడటం ఒక జబ్బు, తిప్పే పిడి కిందినుంచి ఊరడం ఇంకో జబ్బు, గోడ దగ్గర చెమ్మ మూడో జబ్బు. నాలుగైదు చుట్లు తిప్పి కట్టే పాతకాలం కొళాయి అయితే మూతి కారడానికి కారణం లోపలి రబ్బరు వాషరు. దాని ఖరీదు టీ ఖరీదుకు అటూఇటూ. పావు చుట్టుకే కట్టుకునే కొత్తరకం అయితే లోపల సిరామిక్ బిళ్లలున్న స్పిండిల్ ఉంటుంది, దాన్ని మొత్తంగా మార్చాలి. స్పిండిల్ పొడవు, పిడి ఎక్కే పళ్ల లెక్క కంపెనీకొక రకం. పిడి కింద ఊరితే చాలాసార్లు పైనున్న నట్టు కాస్త బిగిస్తే చాలు. గోడ దగ్గర చెమ్మకి కొళాయి విప్పి, మర మీద కొత్త టెఫ్లాన్ టేపు పది పన్నెండు చుట్లు వెయ్యాలి. అదీ కొళాయి బిగిసే వైపుకే చుట్టాలి, ఎదురు చుడితే బిగించేటప్పుడే లేచి ఊడొస్తుంది.

కొళాయి మొత్తం కనిపించేట్టు ఒక ఫోటో, కారే చోటు కనిపించేట్టు ఇంకొకటి, కంపెనీ పేరు. ఈ మూడూ వాట్సాప్‌లో పడితే అతను సామానుతోనే వస్తాడు. మనం పంపం. అతను ఉత్త చేతుల్తో వచ్చి, విప్పి చూసి, “ఐదొందలియ్యండి, సామాను తెస్తా” అని బండెక్కుతాడు. విప్పిన కొళాయి అలాగే ఉంటుంది, ఇంట్లో నీళ్లు బంద్. పనివాళ్లింతేనని చెప్పుకోవడానికి మనకి రెండు గంటలు తీరిక.

ఇంకో మర్యాద ఒకేసారి ముగ్గురికి ఫోన్ చెయ్యడం. ముగ్గురూ “దార్లో ఉండానన్నా” అంటారు, ఒకడు వస్తాడు. తక్కిన ఇద్దరూ వచ్చాక గేటు దగ్గరే “అయిపోయిందిలే అబ్బయా” అని పంపేస్తాం. పెట్రోలు వాళ్లది. ఈసారి ఫోన్ చేస్తే ఎందుకెత్తలేదో మనకి ఎంత ఆలోచించినా అర్థం కాదు.

ఇప్పుడు గేట్ వాల్వు దగ్గరికొద్దాం. గృహస్థు పాండిత్యమంతా కనిపించేది ఇక్కడే. మేడమీది ట్యాంకు నుంచి దిగే పైపులకి మొదట్లోనే వాల్వులుంటాయి. వంటింటికి ఒకటి, బాత్రూములకి ఒకటి, కట్టినవాడు బుద్ధిమంతుడైతే ఫ్లష్ ట్యాంకులకి విడిగా ఒకటి. ఏది దేనిదో పెయింటుతో పైపు మీద రెండక్షరాలు రాయడానికి ఐదు నిమిషాలు పట్టదు. కానీ రాస్తే ఇంక తెలిసిపోతుంది కదా! అందుకని ఒక కొళాయికి వాషరు వెయ్యాలంటే ఇల్లంతా నీళ్లు కట్టేసి, ఒక్కొక్కటే తిప్పుతూ, కిందినుంచి ఒకరు “ఆగలా”, “ఇంకా వస్తాండాయి” అని కేకలేస్తూ ఉండాలి.

ఆ ఇత్తడి వాల్వుని ఇల్లు కట్టిననాడు తెరిచాం, మళ్లీ ముట్టుకోలేదు. పొదిలి, కనిగిరి వైపు బోరునీళ్లయితే చెప్పక్కర్లేదు. కొళాయి మూతికి తెల్లగా పట్టే సున్నమే వాల్వు లోపలా పట్టి, నీళ్లకి అడ్డంగా దిగే పలక, అదే గేటు, తన గాడిలో అతుక్కుపోయి ఉంటుంది. పైప్ రెంచి వేసి బలంగా తిప్పితే పిడి తిరుగుతుంది, కాడ తిరుగుతుంది, లోపల గేటు మాత్రం కదలదు. మధ్యలో కాడ తెగింది. అప్పుడు కొళాయి వాషరు పని కాస్తా ట్యాంకు ఖాళీ చేసే పనవుతుంది. మున్సిపాలిటీ నీళ్లు రోజూ రాని ఒంగోలు వీధుల్లో వెయ్యి లీటర్లు మేడమీంచి కాలవలోకి పోతుంటే గృహస్థు ముఖం చూడాలి. “మంచి వాల్వుని విరగ్గొట్టినాడు” అంటాడు. మూడు నెలలకొకసారి పూర్తిగా కట్టి, పూర్తిగా తెరిచి, ఒక పావు చుట్టు వెనక్కి తిప్పి వదిలేస్తే అతుక్కోదు. ఎటూ మార్చాల్సి వచ్చినప్పుడు పావు తిప్పుకే కట్టుకునే బాల్ వాల్వు పెట్టించుకుంటే ఇంకా మేలు. ఇదంతా చేస్తే తిట్టడానికి మనిషి దొరకడు.

గోడ కొళాయి విప్పడంలోనూ ఇలాంటి అవకాశమే ఉంది. గోడ లోపల సీపీవీసీ (వేడినీళ్లకి తట్టుకునే ప్లాస్టిక్ పైపు) ఎల్బో, అంటే మలుపు ముక్క, దాని మూతికి ఇత్తడి మర. పాత కొళాయి ఆ మరలో పట్టేసి ఉంటే మెల్లగా ముందుకి వెనక్కి ఆడించి వదులు చెయ్యాలి. “త్వరగా కానీ, ఆఫీసుకు పోవాలి” అని మనం వెనక నిలబడితే అతను ఒక్క ఊపు ఊపుతాడు, లోపల ఎల్బో చిట్లుతుంది. ఇక టైల్స్ పగలగొట్టాలి. పగలగొట్టేది ప్లంబరు, అతికించేది టైల్స్ మేస్త్రి, వాళ్లిద్దరూ ఒకే రోజు రారు. ఇల్లు కట్టినప్పుడు మిగిలిన ఐదారు టైల్సుని అట్టపెట్టెలో దాచిపెట్టుకుని ఉంటే గోడ పాతగోడలాగే ఉండేది. మనం వాటిని తులసికోట చుట్టూ పరిచేశాం. ఇప్పుడా డిజైను కంపెనీయే మానేసింది కాబట్టి, పచ్చపూల గోడలో రెండు తెల్ల టైల్స్ నుదుటి మీద పట్టీ వేసినట్టు మెరుస్తుంటాయి.

కొత్త ఎల్బో అతికించాక ఆగడం అనేది మన మర్యాదల్లో లేదు. సీపీవీసీకి దాని జిగురే వాడాలి; తెల్ల పైపుల జిగురు డబ్బా చేతికి దొరికిందని పూస్తే పట్టదు. సరైనదే పూసినా నీళ్లు వదలడానికి గంటలు ఆగాలి, ఎంతసేపో డబ్బా మీదే ఉంటుంది, వీలైతే రాత్రంతా వదిలెయ్యడం మంచిది. పదో నిమిషంలో “స్నానాలు కావాలబ్బయా, వదులు” అంటాం. వారానికి మళ్లీ గోడ చెమ్మ. పనితనం పోయిందండీ ఈ కాలంలో.

వంటింట్లో చీమకుర్తి గెలాక్సీ గ్రానైటు బండ వేయించుకున్నవాళ్లు సింకు మార్చాలనుకుంటే ముందు పాత రంధ్రం కొలత తీసుకుని, దానికి సరిపడే సింకే కొనాలి. మనం ముందు సింకు కొంటాం. తర్వాత ప్లంబర్ని పిలిచి, గ్రానైటు కోసే మిషను ఎందుకు తేలేదని నిలదీస్తాం.

ఫ్లష్ ట్యాంకు సంగతి రెండు ముక్కలు. రాత్రంతా సన్నగా నీళ్లు జారుతుంటే మోటారు రోజుకి రెండుసార్లు వెయ్యాల్సి వస్తుంది, మనం బోరు ఎండిందనుకుంటాం. బట్టలకి వేసే నీలిమందు నాలుగు చుక్కలు ట్యాంకులో వేసి పావుగంట ఫ్లష్ చెయ్యకుండా ఆగి, కమోడ్‌లో నీలం కనిపిస్తే లోపలి వాషరు పోయినట్టు. బోరు వేసేవాళ్లని పిలవడానికి ముందు ఈ పరీక్ష చెయ్యకూడదు, చేస్తే లారీ రాదు.

నీళ్ల సంగతి అయింది, ఇక కరెంటు పనులు. ఫ్యాను నెమ్మదించింది, చేత్తో ఒక తోపు తోస్తే గానీ తిరగడం లేదు. ఎక్కువసార్లు అది కెపాసిటరు, ఫ్యాను తిరగడానికి ఊపునిచ్చే చిన్న డబ్బీ. మామూలు సీలింగ్ ఫ్యానుకి ఎక్కువగా 2.5 మైక్రోఫారడ్‌ది వాడతారు, వందలోపు ఖర్చు. పాతదాని మీద అంకె రాసే ఉంటుంది, అదే అంకెది వెయ్యాలి. గరగరమని శబ్దం ఉంటే బేరింగు, కాలిన వాసనొస్తే వైండింగు, అంటే లోపలి తీగచుట్ట. కెపాసిటరు పోయిన ఫ్యానుకి వైండింగ్ డబ్బులిచ్చేవాళ్లు ఎవరంటే, “ఏమయిందో నువ్వే చూడు” అని టీవీ ముందుకు వెళ్లిపోయినవాళ్లు. పాత కెపాసిటరుని అడిగి చేతిలోకి తీసుకుంటే సగం వైండింగులు అక్కడికక్కడే నయమవుతాయి.

కరెంటు విషయంలో ఒకచోట మాత్రం వెటకారం ఆపాలి. మీటరు దగ్గరి బోర్డులో ఆర్సీసీబీ (కరెంటు లీకైతే తనంతట తనే ఆపేసే స్విచ్) ఉంటుంది, ఇళ్లలో మామూలుగా 30 మిల్లీ ఆంపియర్లది. గీజరు వేస్తే అది పడిపోతుంటుంది. మన నీళ్లకి గీజరు కాయిల్ మీద సున్నం పట్టి, వేడికి పైతొడుగు చిట్లి, కరెంటు నీళ్లలోకి లీకవుతుంటే అది పడుతుంది. పడటమే దాని ఉద్యోగం. “ఊరికే పడిపోతాంది, తీసేసి డైరెక్టు ఇచ్చెయ్” అని అడిగే గృహస్థులున్నారు, ఇచ్చేసే ఎలక్ట్రీషియన్లూ ఉన్నారు. ఎర్తు వైరు లేదని సాకెట్‌లో ఎర్తు పిన్నుని న్యూట్రల్‌కి (కరెంటు తిరిగి వెళ్లే తీగకి) కలిపేసేవాళ్లూ ఉన్నారు. ఈ రెండు పనులు ఎవరు చేస్తామన్నా ఆ పూటే పంపెయ్యండి. స్విచ్ ఆపాం కదా అని ఫ్యాను విప్పనివ్వొద్దు. స్విచ్ ఫేజుకి (కరెంటు వచ్చే తీగకి) కాక న్యూట్రల్‌కి పెట్టిన ఇళ్లు బోలెడు. మెయిన్ ఆపాలి. టెస్టరుని కూడా ముందు కరెంటున్న చోట పెట్టి అది వెలుగుతోందో లేదో చూసుకోవాలి.

మళ్లీ మర్యాదల్లోకి. స్లాబు కారే సంగతి ఏప్రిల్లో తలపెట్టడం అనాచారం. మన జిల్లాలకి అసలు వాన అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాలతో వస్తుంది. పగుళ్లు గీకి నింపడానికి, పిట్టగోడ స్లాబుని కలిసే మూలలో సిమెంటు దిమ్మ వెయ్యడానికి, పైన కోటింగ్ పుయ్యడానికి స్లాబు ఎండి ఉండాలి. అందుకే మనం నవంబరులో తుపాను హెచ్చరిక విన్నాక ఫోన్ చేస్తాం. “వాన తగ్గనీ అన్నా” అంటాడు. బద్ధకస్తుడు! తూము నోట్లో కూరుకుపోయిన వేపాకు తీస్తే సగం నీళ్లు ఆ పూటే దిగిపోతాయి గానీ, ఆ పని మనది కాదు.

నెల్లూరు స్వర్ణాల చెరువులో జరిగే రొట్టెల పండక్కి, కోరింది దక్కాలని, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె, సొంతింటి రొట్టె పట్టుకుంటారు. సొంతింటి రొట్టె పట్టుకుని కోరిక తీరినవాళ్లు మళ్లీ వచ్చి రొట్టె వదులుతున్నారు కూడా. వాళ్లకోసమైనా ప్లంబరు రొట్టె ఒకటి మొదలు కావాలని గృహస్థుల తరఫున మనవి.

చివరికి డబ్బు. స్పిండిల్ మార్చడం పది నిమిషాల పని. మూడొందలడిగితే “పది నిమిషాలకి మూడొందలా?” అని ఆశ్చర్యపోతాం. అదే పనిని రెండు గంటలు సాగదీసి, నాలుగుసార్లు బజారుకి పోయి, మధ్యలో మన టీ రెండుసార్లు తాగినవాడు ఐదొందలడిగినా “పాపం, బాగా కష్టపడినాడు” అని ఇచ్చేస్తాం. ఇది గమనించిన కుర్రాళ్లు పని నేర్చుకోవడంతో పాటు నిదానం కూడా నేర్చుకున్నారు. తొలిసారే పిలిచినప్పుడు వచ్చి చూసినందుకు ఎంత, చేసినందుకు ఎంత, సామాను బిల్లుతోనా అని మూడు మాటలు అడిగితే ఈ నాటకం అక్కర్లేదు. అడగడం మనకి నామోషీ. పనయ్యాక కొట్లాడటం నామోషీ కాదు.

ఇక పనివాళ్ల నంబర్లని ఫోన్లో దాచుకునే పద్ధతి: “ప్లంబర్”, “ప్లంబర్ కొత్త”, “ప్లంబర్ కొత్త 2”, “మంచోడే గానీ రాడు”, “వద్దు”. భోగి ముందురోజు రాత్రి ఇంటినిండా చుట్టాలుండగా బాత్రూము పైపు పగిలితే మొదటి నలుగురూ ఊళ్లకి పోయుంటారు. “వద్దు” ఒక్కడే ఫోనెత్తుతాడు. వచ్చేటప్పుడు ఏం సామాను తేవాలని అడుగుతాడు.