దండెత్తి వచ్చి ఇల్లరికం ఉండిపోయినవారు

ఓడిపోయినవారి మీద జాలితో రాసిన వ్యాసాలు బోలెడు ఉన్నాయి గానీ, గెలిచినవారి కష్టాలు తలచుకుని రెండు కన్నీటి బొట్లు రాల్చిన పాపాన ఎవరూ పోలేదు. కోటలు కూల్చి, సింహాసనమెక్కి, మూడు నాలుగు తరాలు తిరిగేసరికి తమ భాష మరిచిపోయి, ఓడించినవారి తాతముత్తాతలనే తమ తాతముత్తాతలుగా చెప్పుకునే స్థితికి చేరిన ఈ అభాగ్యుల తరఫున నాలుగు మాటలు రాయడం నా విధిగా భావిస్తున్నాను.

పండితులు దీనికి సంఖ్యాబలం, మతం, పెళ్లిళ్లు అంటూ అనేక కారణాలు చెబుతారు. అవీ నిజమే. నా దృష్టిలో మాత్రం మొదటి ముద్దాయి గుమాస్తా. గుర్రం మీద వచ్చినవాడు ఊరిని కొల్లగొట్టగలడు గానీ, ఏ పొలానికి ఎంత శిస్తో, నిరుటి బాకీ ఎవరిదో అతడికి తెలియదు. తెలిసినవాడు ఓడిన పక్షంలో, చంకలో లెక్కల పుస్తకంతో, మహా వినయంగా నిలబడి ఉంటాడు.

ఉత్తర చైనాను ఏం చేయాలన్న చర్చ 1230 ప్రాంతంలో మంగోలుల కొలువులో వచ్చినప్పుడు, ఈ రైతులు మనకెందుకు, నేలంతా పచ్చిక బయలు చేద్దామని కొందరు సూచించారు. సలహా ఘోరమైనదే అయినా, విజేత విజేతగానే మిగిలిపోవడానికి అంతకు మించిన ఉపాయం లేదు. గడ్డి ఎవరి భాషనూ మార్చదు. యెలూ చుత్సాయ్ అనే సలహాదారు మాత్రం ఒగెదెయ్ ఖాన్ ముందు వేరే లెక్క పెట్టాడు: వాళ్లను బతకనిచ్చి పన్ను వేస్తే ఏటా, చైనా తూకాల్లో, కొలతల్లో చెప్పాలంటే, 5 లక్షల లియాంగుల వెండి, 80 వేల తానుల పట్టు, 4 లక్షల షీలకు పైగా ధాన్యం. (ఈయన కూడా ఒకప్పుడు ఆ నేలనే ఏలిన ఖితాన్ రాజవంశీకుడు, అనుభవం మాట్లాడింది.) ఖాన్ ఒప్పుకున్నాడు. వెండి వచ్చింది, వెండితో చిట్టాలు వచ్చాయి, చిట్టాలతో పండితులు వచ్చారు. 1271 నాటికి తర్వాతి ఖాన్లలో ఒకడైన కుబ్లాయ్ తన వంశానికి చైనా ప్రాచీన గ్రంథంలోంచి ‘యువాన్’ అనే పేరు ఏరి పెట్టుకున్నాడు. అయినా మంగోలులు అదృష్టవంతులు. 1368లో తరిమేసినప్పుడు భాషతో సహా గుర్రమెక్కి ఉత్తరానికి వెళ్లిపోయారు. వెనక్కి వెళ్లడానికి మైదానం మిగుల్చుకున్నవాడికి ఆ వెసులుబాటు ఉంటుంది.

ఆ వెసులుబాటును తానే రద్దు చేసుకున్న ఘనుడు అంతకు ముందే ఒకడున్నాడు. షియాన్‌బెయ్ అనే ఉత్తరాది సంచార జాతి నుంచి వచ్చి ఉత్తర చైనాను ఏలిన తొబా వంశపు చక్రవర్తి షియావ్వెన్‌కు రాజధానిని సరిహద్దు నగరమైన పింగ్‌చెంగ్ నుంచి చైనా నడిబొడ్డున ఉన్న లుయోయాంగ్‌కు మార్చాలనిపించింది. సర్దారులు ఒప్పుకోరని తెలుసు. అందుకని 493లో దక్షిణాది మీద యుద్ధమని ప్రకటించి, సైన్యాన్ని వానలో, బురదలో లుయోయాంగ్ దాకా నడిపించాడు. ఇక ముందుకు వద్దు మహాప్రభో అని అందరూ కాళ్ల మీద పడ్డాక, సరే, యుద్ధం మానేద్దాం, దానికి బదులు ఇక్కడే కాపురం పెడదామన్నాడు. దండయాత్ర పేరు చెప్పి సొంతవాళ్లనే ఇల్లరికం పంపిన సేనాని మరొకడు నాకు తారసపడలేదు. 495లో ముప్పై ఏళ్ల లోపు అధికారులు కొలువులో తమ షియాన్‌బెయ్ భాష మాట్లాడరాదన్నాడు. మరుసటి ఏడు తన వంశపు ఇంటిపేరు కూడా చైనా పేరుగా మార్చేశాడు. యువరాజు స్థూలకాయుడు, లుయోయాంగ్ ఎండకు తాళలేకపోయేవాడు. తమ పాత షియాన్‌బెయ్ దుస్తులే తొడుక్కునేవాడు. 496లో చల్లని పింగ్‌చెంగ్‌కు పారిపోబోయి దొరికిపోయి, పదవి పోగొట్టుకుని, తర్వాత ప్రాణమూ పోగొట్టుకున్నాడు. ఉక్కపోస్తోందని చెప్పడం అంత పెద్ద రాజద్రోహమని ఆ అబ్బాయికి ఎవరూ ముందుగా చెప్పినట్టు లేదు.

చాలాకాలం తర్వాత ఈశాన్యం నుంచి వచ్చి చైనాను గెలిచిన మంచూలు ఈ కథ తెలిసినవారే. ఏలుబడిలోకి వచ్చిన మగవాళ్లందరూ తమలాగే ముందుతల గొరిగించుకుని జడ వేసుకోవాలని 1645లో శాసించారు. కాదన్నవారి తలలు తీశారు. దేశమంతా జడలు వేలాడాయి. ఆ జడలను పర్యవేక్షించే పనిలో పడి తమ నాలుక మీద ఏ భాష ఆడుతోందో గమనించే తీరిక పాలకులకు దొరకలేదు. 1912లో సింహాసనం దిగేనాటికి వాళ్లలో చాలామందికి మంచూ భాష రాదు.

తమ భాష పోగొట్టుకోకపోగా ఓడినవారికే దాన్ని నేర్పిన అరబ్బులు నా సిద్ధాంతానికి అడ్డొస్తారని ఎవరైనా అనవచ్చు. అడ్డు రారు, సాక్ష్యం చెబుతారు. ఖలీఫా అబ్దుల్ మాలిక్ 7వ శతాబ్దం చివర్లో, గ్రీకులోనూ, ఇరాన్ పాత భాష పహ్లవీలోనూ నడుస్తున్న ప్రభుత్వ లెక్కలను అరబ్బీలోకి మార్పించడం మొదలుపెట్టాడు. గుమాస్తా ఉద్యోగం నిలవాలంటే అరబ్బీ నేర్చుకోక తప్పలేదు. ఈజిప్టు మొత్తం క్రమంగా అరబ్బీ మాట్లాడింది. ఇరాన్ మాత్రం కొన్నాళ్లు ఊరుకుని, ఆ లిపిలోనే పారశీకం రాసుకుని తన దారిన తాను పోయింది. మొండి గుమాస్తాలు ఎక్కడైనా ఉంటారు.

ఇక నార్మన్ల సంగతి. ఉత్తర సముద్రాల నుంచి ఓడల్లో వచ్చి 911లో ఫ్రాన్సులో నేల సంపాదించి, ఫ్రెంచివారై, 1066లో ఇంగ్లండును గెలిచి, అక్కడా నిదానంగా కరగసాగారు. ఫ్రెంచి ఎవరికీ సరిగా అర్థం కావడం లేదు కాబట్టి కోర్టుల్లో వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని 1362లో చట్టం చేశారు. ఆ చట్టాన్ని రాసింది ఫ్రెంచిలో. లాయర్లు దాన్ని శ్రద్ధగా చదివి, తమ నోట్సును మరో 300 ఏళ్ల దాకా ఫ్రెంచిలోనే రాసుకున్నారు.