తొమ్మిది జోలెల పెద్దమనిషి

చైనా వూషా నవలల (యుద్ధవిద్యల వీరుల కథల) పేరెత్తగానే అందరూ షావోలిన్ బౌద్ధ సన్యాసుల గుండ్లనీ వూడాంగ్ తావో సన్యాసుల గడ్డాలనీ తలుచుకుంటారు. తలుచుకోనివ్వండి. సంఘాన్ని నడపడం అంటే ఏమిటో నేర్చుకోవాలనుకునేవాళ్ళు మాత్రం గైబాంగ్ గురించి చదవాలి, అంటే బిచ్చగాళ్ళ సంఘం, ఫోన్లలో మురిమ్ మాన్హ్వాలు (కొరియా కుంగ్‌ఫూ బొమ్మల కథలు) చదివే పిల్లలు బెగ్గర్స్ సెక్ట్ అంటారే, అది. గుడి లేదు, కొండ లేదు, మాన్యాలు లేవు. అయినా హాంకాంగ్ రచయిత జిన్ యోంగ్ నవలల్లో దేశంలోకెల్లా పెద్ద సంఘం ఇదే. ఏమీ లేనివాళ్ళని తరాల తరబడి ఒక్కతాటి మీద నిలబెట్టింది ఏమై ఉంటుందా అని చాలా లోతుగా ఆలోచించాను. ప్రమోషన్లు.

ఈ సంఘంలో మనిషి హోదా వీపున వేలాడే జోలెల్ని బట్టి తెలుస్తుంది. కిందివాడికి ఒకటి, పెద్దవాడికి తొమ్మిది. జోలెలో ఏముందని ఎవరూ అడగరు, ఎన్ని ఉన్నాయనే చూస్తారు. ఒక్కటి నిండితేనే గొప్ప అనుకునే వృత్తిలో తొమ్మిది దేనికండీ అని మీకు అనుమానం రావచ్చు. ఇలాంటి అనుమానాలు వచ్చేవాళ్ళకి రెండో జోలె రాదు.

వర్గాలు లేకపోతే సంఘం అనిపించుకోదు కాబట్టి వీళ్ళకీ రెండున్నాయి. మాసినబట్టల వర్గం వాళ్ళు నియమనిష్ఠలవాళ్ళు: డబ్బిచ్చి ఏదీ కొనకూడదు, బయటివాళ్ళతో ఒకే బల్ల దగ్గర కూర్చుని తినకూడదు, యుద్ధవిద్య రానివాడి మీద చెయ్యి చేసుకోకూడదు. ఉతికినబట్టల వర్గం వాళ్ళు బట్టలకి అతుకులైతే వేయించుకుంటారు గానీ అవి శుభ్రంగా ఉంటాయి, అడుక్కోవడం వాళ్ళకి అలవాటు లేదు, మామూలు కలిగినవాళ్ళలాగే బతుకుతారు. అడుక్కోని బిచ్చగాళ్ళు అడుక్కునే బిచ్చగాళ్ళని చిన్నచూపు చూస్తారు. ఈ తగువు మధ్య నలిగిన అధిపతి హోంగ్ చీగోంగ్ కనిపెట్టిన పరిష్కారం ఏమిటో తెలుసా? ఒక ఏడాది ఉతికిన బట్టలు, మరుసటి ఏడాది మాసిన బట్టలు. నిష్పాక్షికత అంటే అదీ! సమస్య తీరలేదనుకోండి, కానీ ఎవరికీ ఫిర్యాదు చేసే అవకాశం లేకుండా పోయింది.

ఈ హోంగ్ గారి మీద నాకు అపారమైన గౌరవం. 1957లో హాంకాంగ్ పత్రికలో సీరియల్‌గా మొదలైన కథలో ఆయన దక్షిణ సోంగ్ రాజ్యానికి పెద్ద దిక్కు, బిచ్చగాళ్ళకి అధిపతి. ఆయన బిచ్చమెత్తిన చోటు మాత్రం రాజధాని లిన్‌ఆన్‌లో సాక్షాత్తూ చక్రవర్తి వంటిల్లు, అది కూడా దూలాల చాటున దాక్కుని. పాచి మెతుకులు ఆయన నాలుకకి సయించవు పాపం. ఒకసారి తిండి యావలో పడి ముఖ్యమైన పనికి ఆలస్యమైతే, పశ్చాత్తాపంతో తన చూపుడువేలు తానే నరుక్కున్నాడు. తిండి మానలేదు. హ్వాంగ్ రోంగ్ అనే అమ్మాయి రకరకాల వంటలు చేసి పెడుతుంటే, డ్రాగన్లని అణిచే 18 అరచేతి దెబ్బల్లో 15 ఆమె ప్రియుడు గ్వో జింగ్‌కి నేర్పేశాడు. సంఘంలోవాళ్ళు ఏళ్ళతరబడి సేవ చేసినా దక్కని విద్య అది. ముడుపులు అనకండి దయచేసి, అది గురుదక్షిణ.

ఇక అధికార చిహ్నం సంగతి. ఆకుపచ్చ వెదురుకర్ర ఒకటుంది, కుక్కల్ని కొట్టే కర్ర. దాంతో 36 ఎత్తులు, అధిపతి నుంచి అధిపతికే నేర్పాలి, ఆఖరిదాని పేరు ‘లోకంలో కుక్కలే లేవు’. కర్ర ఎవరి చేతిలో ఉంటే వాడే అధిపతి. ఈ నియమం ఎంత పకడ్బందీదంటే, శత్రువులైన జిన్ రాజకుటుంబంలో పెరిగిన యాంగ్ కాంగ్ అనే కుర్రాడికి ఆ కర్ర దొరికింది, దాన్ని పట్టుకుని దోంగ్‌టింగ్ సరస్సులోని జున్‌షాన్ ద్వీపంలో జరిగిన మహాసభకి వెళ్ళి, పాత అధిపతి పోయాడు నేనే కొత్తవాణ్ణి అన్నాడు, పెద్దలందరూ సరే అన్నారు. ఆచారం ప్రకారం అతని మీద ఉమ్మేశారు కూడా. కంగారు పడకండి, అది గౌరవమే: బిచ్చగాడు ఊరందరి చేతా అవమానపడతాడు కాబట్టి వాళ్ళ నాయకుడు ముందు సొంతవాళ్ళ అవమానం భరించాలట. ఈ ఒక్క ఆచారం గురించి మాత్రం నేను వ్యంగ్యం ఆడను. పదవీ స్వీకారాలన్నిటికీ పెట్టాల్సిన కార్యక్రమం అది.

కర్ర ఉన్న యాంగ్ కాంగ్‌ని నువ్వెవరని గట్టిగా అడగని ఇదే సంఘం, అంతకు వందేళ్ళ పైచిలుకు ముందు చియావ్ ఫెంగ్‌ని ఏం చేసిందో చూడండి (అది ఇంకో నవల). అతన్ని అధిపతిని చేసేముందు పాత అధిపతి మూడు కఠినమైన పరీక్షలు పెట్టాడు, ఏడు ఘనకార్యాలు చేయించుకున్నాడు, అప్పుడు గానీ కర్ర ఇవ్వలేదు. ఇస్తూనే చాటుగా ఒక రహస్య లేఖ రాసి దాచిపెట్టించాడు, వీడు సోంగ్ రాజ్యానికి శత్రువులైన ఖితాన్లవైపు మొగ్గితే చంపెయ్యండి అని. ప్రమోషన్ ఆర్డరూ మెమో ఒకే చేత్తో. ఉపాధిపతి భార్య ఆ లేఖ బయటికి లాగింది. ఎందుకంటే లోయాంగ్ పూల ఉత్సవంలో అందరూ ఆమెకేసి చూస్తుంటే చియావ్ ఫెంగ్ ఒక్కడే చూడలేదు! వూషీ ఊరిబయట ఆప్రికాట్ తోపులో తనమీద తిరగబడ్డ పెద్దల ప్రాణాలు కాపాడటానికి అతను తన ఒంట్లోనే కత్తులు గుచ్చుకుని వాళ్ళ తప్పుకి తన రక్తం చెల్లించాడు. కాసేపటికే అతను పుట్టుకతో ఖితాన్ అని తేలింది. కూటికి పేదలైతే కులానికి పేదలా? అతను కర్ర వదిలేసి వెళ్ళిపోక తప్పలేదు.

ఆ తర్వాత యువాన్ రాజవంశం చివరికాలం కథలో ఈ సంఘం పరిపాలన పరాకాష్ఠకి చేరింది. అధిపతి షి హ్వోలోంగ్ 18 దెబ్బల్లో 12 నేర్చుకునేసరికి ఒళ్ళు చెడి, ఇరవై ఏళ్ళు ఎవరికీ కనబడకుండా ఉండిపోయాడు. ఈలోగా శత్రువు అతన్ని చంపి, అలాంటి ముఖమే ఉన్న ఇంకొకణ్ణి తెచ్చి కుర్చీలో కూర్చోబెట్టాడు. ఎవరూ గుర్తుపట్టలేదు. నేనైతే దీన్ని లోపం అనను. అధిపతి ఉన్నా పోయినా మారినా పని ఆగకుండా సాగే ఏర్పాటు ఎన్ని చోట్ల ఉంది చెప్పండి?

ఆ కథలో ఎనిమిది జోలెల పెద్ద ఒకడున్నాడు, పేరు చెన్ యౌలియాంగ్, ఈ కుట్రలన్నిటిలో వాడి చెయ్యి ఉంటుంది. చరిత్రలో నిజంగానే ఉన్న మనిషి, కానీ జాలరి కొడుకు, 1360లో తనని తాను చక్రవర్తినని ప్రకటించుకున్నాడు. 1363లో పోయాంగ్ సరస్సు యుద్ధంలో చచ్చిపోయాడు. ఓడించిన జూ యువాన్‌జాంగ్ మాత్రం 1344 కరువులో అమ్మానాన్నల్ని పోగొట్టుకుని, మఠంలో చేరి, మఠంలోనూ తిండి చాలక గిన్నె పట్టుకుని ఊళ్ళు తిరిగి అడుక్కున్నవాడు, 1368లో మింగ్ వంశం మొదటి చక్రవర్తి. నవలలో ఆయన గైబాంగ్‌లో లేడు, వేరే సంఘంలో ఉన్నాడు. అప్లికేషన్ పెట్టుకుని ఉంటే మొదటి జోలెకే ఎన్నేళ్ళు తిప్పేవాళ్ళో.